రక్తం పలచబరిచే మందు వాడేవారికి దగ్గులో నెత్తురు పడితే: ఇంట్లో, దారిలో, ఆసుపత్రిలో చేయవలసినవి

గుండెకు లోహపు వాల్వు అమర్చుకున్నవారు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వల్ల గుండె లయ తప్పినవారు, కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు కట్టినవారు, స్టెంటు వేయించుకున్నవారు రక్తం పలచబరిచే మందులను నెలల తరబడి, కొందరైతే జీవితాంతం వాడవలసి వస్తుంది. రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించడమే ఈ మందుల పని కనుక, ఒంట్లో ఎక్కడైనా నెత్తురు కారడం మొదలైతే అది త్వరగా ఆగదు. చిగుళ్ల నుంచో ముక్కు నుంచో కారితే కంటికి కనిపిస్తుంది. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం వీటికంటే అరుదు, కానీ చాలా ప్రమాదకరం. లోపల ఎంత రక్తం చేరిందో బయటపడినదాన్ని బట్టి చెప్పలేము. పైగా ఈ స్రావంలో ప్రాణం పోయేది ఎక్కువగా ఒంట్లో రక్తం తగ్గిపోవడం వల్ల కాక, గాలి వెళ్లే దారి నెత్తురుతో నిండి ఊపిరి ఆడకపోవడం వల్లనే. పెద్దవారిలో ముక్కు మొదలు చిన్న వాయునాళాల చివరి వరకు ఉన్న దారి మొత్తం పట్టేది సుమారు 150 మిల్లీలీటర్లు మాత్రమే. అందువల్ల టీ గ్లాసెడు రక్తం కూడా తక్కువేమీ కాదు. కింద చెప్పిన పనుల్లో మొదటి రెండింటిని ఏ ఇబ్బందీ లేని రోజుల్లోనే, అంటే ఈ వారంలోనే, పూర్తి చేసుకోండి.

1. మీరు వాడే మందు ఏ కోవకు చెందిందో తెలుసుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి

"రక్తం పలచబడే మాత్ర" అని మాత్రమే చెబితే అత్యవసర విభాగంలోని డాక్టరుకు అది చాలదు, ఎందుకంటే ఒక్కో కోవకు విరుగుడు వేరు. వార్ఫరిన్, అసెనోకుమరాల్ విటమిన్ కె పనిని అడ్డుకునే మందులు. మన ప్రాంతంలో ఎసిట్రామ్ పేరుతో ఎక్కువమంది వాడేది అసెనోకుమరాల్. వీటి ప్రభావాన్ని పీటీ ఐఎన్‌ఆర్ రక్తపరీక్షతో కొలుస్తారు; ఈ సంఖ్య ఎంత పెరిగితే రక్తం గడ్డకట్టడానికి అంత ఎక్కువ సమయం పడుతోందని అర్థం. డబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ కొత్త తరం మందులు. వీటి బలాన్ని ఐఎన్‌ఆర్ సరిగా చూపదు కనుక, చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారన్నదీ, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయన్నదీ ఇక్కడ ముఖ్యం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ప్రసుగ్రెల్, టికాగ్రెలార్ ప్లేట్‌లెట్లను పనిచేయనివ్వని మందులు. వీటిలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ప్రభావం మాత్ర మానేసిన తరువాత కూడా వారం వరకు ఉంటుంది, ఐఎన్‌ఆర్ మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. హెపారిన్, ఎనాక్సపారిన్ ఇంజెక్షన్లు మరో కోవ. వీటిలో రెండు రకాలు కలిపి వాడేవారికి, ఉదాహరణకు వాల్వుకు ఎసిట్రామ్, స్టెంటుకు క్లోపిడోగ్రెల్ రెండూ ఉన్నవారికి, రక్తస్రావ ప్రమాదం ఒక్క మందు వాడేవారికంటే ఎక్కువ.

ఒక కాగితం మీద ఈ వివరాలు రాయండి: మందు అసలు పేరు, మోతాదు, వేసుకునే సమయం, ఎందుకు వాడుతున్నారు, వాల్వు ఏ స్థానంలో ఏ సంవత్సరంలో వేశారు, డాక్టరు ఐఎన్‌ఆర్ ఎంత మధ్య ఉండాలన్నారు, చివరి పరీక్షలో ఎంత వచ్చింది, చివరి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే రక్తపరీక్ష), రక్తం గ్రూపు, పడని మందులు, చూసే డాక్టరు ఫోన్ నంబరు. ఆ కాగితాన్ని పర్సులో పెట్టుకుని, దాని ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉండేలా చూడండి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు కొన్ని నెలల కోసం వెళ్లే పెద్దలు ఈ పని తప్పక చేయాలి. అసెనోకుమరాల్ అక్కడ అమ్మకంలో లేదు, ఎసిట్రామ్ అన్న పేరు అక్కడి డాక్టరుకు ఏమీ చెప్పకపోవచ్చు. అసలు పేరుతో పాటు "వార్ఫరిన్ వంటిది" అని ఆ కాగితంలో రాసి ఉంటే విలువైన సమయం కలిసి వస్తుంది.

మోతాదు దగ్గర జరిగే పొరపాటును కూడా ఇక్కడే అడ్డుకోవాలి. ఎసిట్రామ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. డాక్టరు ఒకరోజు 2, మరుసటి రోజు 3 మిల్లీగ్రాములు అని రాస్తే ఇంట్లో రెండు రకాల స్ట్రిప్పులు చేరతాయి. ఒకటి అయిపోగానే మందుల షాపులో ఉన్నది తెచ్చుకుంటే మోతాదు తెలియకుండానే మారిపోతుంది. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో ప్రతి తేదీ గడిలోనూ ఆ రోజు వేసుకోవలసిన మిల్లీగ్రాములను ముందే రాసుకుని, మాత్ర మింగిన తరువాత దాని మీద గీత కొట్టండి. స్ట్రిప్పును చివరి మాత్ర వరకు పేరు, మోతాదు కనిపించే వైపు చింపకుండా వాడండి. ఒక పూట మరిచిపోయామని మరుసటి రోజు రెండు పూటలది కలిపి వేసుకోకండి.

2. ఐఎన్‌ఆర్ పరిధి దాటకుండా చూసుకోండి

వార్ఫరిన్, అసెనోకుమరాల్ వాడేవారిలో చాలామందికి ఐఎన్‌ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాలి. మైట్రల్ స్థానంలో (గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య) లోహపు వాల్వు ఉన్నవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. మీ సంఖ్య మీ డాక్టరు చెప్పినదే. ఈ సంఖ్య పెరిగే కొద్దీ, ముఖ్యంగా 4.5 దాటిన తరువాత, రక్తస్రావ ప్రమాదం వేగంగా పెరుగుతుంది. వీలైనంతవరకు ఒకే ల్యాబులో పరీక్ష చేయించుకోండి.

ఐఎన్‌ఆర్ ఉన్నట్టుండి పెరగడానికి ఎక్కువగా కారణమయ్యేవి వేరే జబ్బు కోసం మధ్యలో వాడిన మందులు. విరేచనాలకు సొంతంగా కొనుక్కునే మెట్రోనిడజోల్, తామరకు ఇచ్చే ఫ్లూకొనజోల్, మూత్రంలో మంటకు రాసే కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, దగ్గుకు ఇచ్చే క్లారిత్రోమైసిన్, గుండె లయకు వాడే అమియోడరోన్ వీటిలో ముఖ్యమైనవి. కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఐఎన్‌ఆర్‌ను అంతగా మార్చకపోయినా ప్లేట్‌లెట్ల పనిని చెడగొట్టి, కడుపులో పుండ్లు పుట్టించి, రక్తస్రావాన్ని పెంచుతాయి. పారసిటమాల్ వీటికంటే మేలు, అయితే దాన్ని కూడా రోజూ పెద్ద మోతాదులో వరుసగా వాడితే ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించుకునే అలవాటు ఉంటే ఈ మందు వాడినంతకాలం పూర్తిగా మానుకోవాలి. పిరుదులో సూది గుచ్చినచోటే పెద్ద నెత్తురు గడ్డ కట్టిన సందర్భాలు ఉన్నాయి. ఇలాంటి కొత్త మందు ఏది మొదలుపెట్టినా, మానేసినా మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించుకోండి. జ్వరం, విరేచనాలతో రెండు రోజులు సరిగా తినకపోయినా ఇదే నియమం.

క్షయ మందుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రిఫాంపిసిన్ ఈ మాత్రలను కాలేయం త్వరగా ఖర్చు చేసేలా చేస్తుంది, అందువల్ల ఎసిట్రామ్ మోతాదును బాగా పెంచవలసి వస్తుంది. ఆరు నెలల కోర్సు పూర్తయి రిఫాంపిసిన్ ఆగిన తరువాత రెండు మూడు వారాల్లో ఆ పెంచిన మోతాదు ఒంటికి ఎక్కువైపోయి ఐఎన్‌ఆర్ ఎగబాకుతుంది. క్షయ వల్ల ఊపిరితిత్తుల్లో ఇప్పటికే మచ్చలు, గుంతలు ఉన్న మనిషికి ఇది జరిగితే నెత్తురు పడటానికి అన్నీ సిద్ధంగా ఉన్నట్టే. కోర్సు ముగిసే తేదీని మీ గుండె డాక్టరుకు ముందే చెప్పి, ఆ తరువాతి నెలంతా వారానికొకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఆకుకూరల విషయంలో భయం ఎక్కువ, అవసరం తక్కువ. పాలకూర, తోటకూర, గోంగూర, మునగాకులో విటమిన్ కె ఉంటుంది. వాటిని మానేయనవసరం లేదు, వారం వారం తినే మోతాదు ఇంచుమించు ఒకేలా ఉంటే చాలు. రోజూ తినేవారు ఉన్నట్టుండి పూర్తిగా మానేస్తేనే ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. మద్యానికి, పేరు తెలియని మూలికా పొడులకు మాత్రం దూరంగా ఉండండి.

3. వచ్చిన నెత్తురు ఊపిరితిత్తులదేనా అని గమనించండి

దగ్గుతో పాటు వచ్చి, ఎర్రగా, నురగతో, తెమడతో కలిసి ఉంటే అది ఊపిరితిత్తుల నుంచి వచ్చినదని అనుకోవచ్చు. వాంతితో పాటు వచ్చి, నల్లగా కాఫీ పొడిలా ఉండి, అన్నం మెతుకులతో కలిసి ఉంటే కడుపు నుంచి వచ్చి ఉండవచ్చు. ముక్కు వెనుక నుంచి గొంతులోకి జారిన నెత్తురు కూడా దగ్గితే నోట పడుతుంది. గుండె జబ్బు ముదిరి ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు గులాబీ రంగు నురగ వస్తుంది. ఈ తేడాలు డాక్టరుకు చెప్పడానికే. కడుపుదైనా, ఊపిరితిత్తులదైనా, ఈ మందు వాడేవారికి రెండూ అత్యవసరమే.

ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. గాలి తిత్తుల్లో ఒక్కచోట కాకుండా అంతటా సన్నగా రక్తం ఊరే స్థితిలో దాదాపు మూడోవంతు మందికి మొదట్లో నోట నెత్తురే పడదు. వారికి కనిపించేవి వేరు: ఒకటి రెండు రోజుల్లో పెరిగిన ఆయాసం, పొడి దగ్గు, కొద్దిపాటి జ్వరం, ముఖం పాలిపోవడం, నాలుగడుగులు వేస్తే కళ్లు తిరగడం. ఎక్స్‌రేలో రెండు వైపులా తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, అది న్యుమోనియా అనిపిస్తుంది. అలా అనుకుని ఇచ్చే యాంటీబయాటిక్కుల్లో కొన్ని ఐఎన్‌ఆర్‌ను ఇంకా పెంచి స్రావాన్ని ఎక్కువ చేస్తాయి. కనుక రక్తం పలచబరిచే మందు వాడుతూ కొత్తగా ఆయాసం వస్తే డాక్టరును ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి: "హిమోగ్లోబిన్ పాత రిపోర్టుకంటే తగ్గిందా, ఐఎన్‌ఆర్ ఎంత?" ఆ పాత రిపోర్టు చేతిలో ఉండటం ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. రెండు మూడు రోజుల్లో 12 నుంచి 9కి పడిపోయిన హిమోగ్లోబిన్, ఎక్స్‌రేలో మచ్చలు, ఆయాసం మూడూ కలిసి ఉంటే రక్తస్రావాన్ని అనుమానించవలసిందే.

4. ఎంత పడిందన్నదాన్ని బట్టి వెంటనే నిర్ణయం తీసుకోండి

తెమడలో ఒకటి రెండు ఎర్రటి జీరలు మాత్రమే కనిపించి, ఆయాసం ఏమీ లేకపోతే, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి ఐఎన్‌ఆర్, రక్తపరీక్ష చేయించుకోండి. ఆ పూట మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది మాత్ర వేళకు ముందే అడిగి తెలుసుకోండి. రేపు చూద్దాంలే అని వదలకండి. జీరలను మించి ఏది పడినా, అంటే అచ్చమైన నెత్తురు చెంచాడు, గడ్డలు, లేదా మళ్లీ మళ్లీ పడటం, లేదా కొంచెం పడినా ఆయాసం, గుండె దడ, మత్తు, చెమటలు ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. మామూలు మనిషికి చెప్పే హద్దుకంటే ఇది కఠినంగా ఉందని తెలుసు. గడ్డకట్టే శక్తి తగ్గిన ఒంట్లో చిన్న స్రావం పెద్దది కావడానికి ఎక్కువసేపు పట్టదు కనుక ఇక్కడ అతి జాగ్రత్తే సరైనదని నా అభిప్రాయం.

108కి చెప్పేటప్పుడు "దగ్గితే రక్తం పడుతోంది, రక్తం పలచబరిచే మందు వాడుతున్నారు, ఆక్సిజన్ కావాలి" అన్న మూడు మాటలు ముందు చెప్పి, తరువాత చిరునామా చెప్పండి. ఐసీయూ, సీటీ స్కాన్, రక్తనిధి ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లమని అడగండి.

5. అంబులెన్సు వచ్చేలోపు

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, కొద్దిగా ముందుకు వంచి, నోట్లోకి వచ్చినదాన్ని మింగకుండా ఉమ్మమనండి. జబ్బు ఏ వైపు ఊపిరితిత్తిలో ఉందో పాత స్కాన్ల వల్ల ముందే తెలిసి, కూర్చోలేని స్థితి ఉంటే, ఆ జబ్బు వైపే కిందకు వచ్చేలా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కుడివైపు పాత క్షయ గుంత ఉన్న మనిషి కుడివైపు తిరిగి పడుకుంటే నెత్తురు అక్కడే నిలిచి, ఎడమ ఊపిరితిత్తి గాలి పీల్చుకోవడానికి మిగులుతుంది. చాలామంది మంచి వైపు కిందకు పెడతారు. అలా చేస్తే నెత్తురు బాగున్న ఊపిరితిత్తిలోకి జారుతుంది.

పడిన నెత్తురును సింకులో కడిగేయకండి. తెల్లటి గిన్నెలోనో, కొలతలు ఉన్న పాత్రలోనో పట్టి, ఎన్ని గంటలకు ఎంత పడిందో ఒకరు రాసుకుంటే డాక్టరుకు అది రిపోర్టుతో సమానం. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి, ఎందుకంటే ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేయవలసిరావచ్చు. దగ్గు ఆపే సిరప్పులు, నిద్రమాత్రలు ఇవ్వకండి. దగ్గే ఆ క్షణంలో దారిని శుభ్రం చేస్తోంది. వీపు మీద చరచకండి. నొప్పి మాత్రలు వద్దు. ఎవరో చెప్పారని విటమిన్ కె సూదిగానీ, రక్తం ఆపే మాత్రలుగానీ ఇంటి దగ్గర వేయించకండి. లోహపు వాల్వు, కొత్త స్టెంటు ఉన్నవారిలో వాటి మోతాదు తూచి నిర్ణయించవలసినది.

నెత్తురు బాగా పడుతున్నప్పుడు ఆ పూట రక్తం పలచబరిచే మాత్ర వేయకుండా ఆసుపత్రికి చేరండి. అక్కడితో మీ నిర్ణయం ఆగాలి. భయపడి రోజుల తరబడి సొంతంగా మానేస్తే వాల్వు మీద గడ్డ కట్టి అది బిగుసుకుపోవచ్చు, స్టెంటు మూసుకుపోవచ్చు, పక్షవాతం రావచ్చు. పైగా ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడినప్పుడు కూడా దగ్గులో నెత్తురు పడుతుంది. ఆ మనిషికి కావలసింది అదే మందు. ఆ తేడా స్కాన్ లేకుండా ఇంట్లో తేలదు.

కాగితం, పాత రిపోర్టులు, వాడుతున్న అన్ని మందుల స్ట్రిప్పులు ఒక సంచిలో వేసి మనిషితో పాటే పంపండి.

6. ఆసుపత్రిలో చెప్పవలసినవి, అడగవలసినవి

మందు పేరు, చివరి మాత్ర వేసుకున్న సమయం, ఎందుకు వాడుతున్నారన్నది ముందు చెప్పండి. గత రెండు వారాల్లో వాడిన ప్రతి మందూ, ఆయుర్వేద మందులు సహా, దాచకుండా చెప్పండి. పొలంలో ఎలుకల ఎర కలిపే పని చేసి ఉంటే అది కూడా చెప్పాలి, ఎందుకంటే వరి చేలల్లో వాడే బ్రోమాడయోలోన్ వార్ఫరిన్ కుటుంబంలోనిదే, ఒంట్లోకి వెళితే వారాల తరబడి ఉంటుంది. ఈ బంధుత్వం పాతది: 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు నెత్తురు కారి చనిపోతుంటే ఆ కారణాన్ని వెతికిన విస్కాన్సిన్ పరిశోధనల నుంచే వార్ఫరిన్ పుట్టింది, 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా అమ్మకానికి వచ్చింది.

వార్ఫరిన్, ఎసిట్రామ్ వల్ల పెద్ద స్రావం అయితే విటమిన్ కె 5 నుంచి 10 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి నెమ్మదిగా నరానికి ఇస్తారు. అది పనిచేయడానికి గంటలు పడుతుంది కాబట్టి, వెంటనే ఆపడానికి గడ్డకట్టించే కారకాలను నేరుగా అందించాలి. దీనికి ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్ కాన్సన్‌ట్రేట్ అనే పొడి మందు ఉంది. అది లేనిచోట ప్లాస్మా ఎక్కిస్తారు. ప్లాస్మా కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 600 నుంచి 900 మిల్లీలీటర్లు. మైట్రల్ వాల్వు జబ్బు, గుండె బలహీనత ఉన్నవారికి ఇంత ద్రవం ఒకేసారి ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే "ఆ కాన్సన్‌ట్రేట్ ఇక్కడ దొరుకుతుందా?" అని బంధువులు మర్యాదగా అడగడంలో తప్పులేదు, ఒక్కోసారి బయటి నుంచి తెప్పించవలసి ఉంటుంది, ఎంత ముందు తెలిస్తే అంత మంచిది. డబిగాట్రాన్‌కు ఇడారుసిజుమాబ్ అనే ప్రత్యేక విరుగుడు 5 గ్రాములు ఇస్తారు. హెపారిన్‌కు ప్రోటమిన్ ఉంది. క్లోపిడోగ్రెల్ వంటివాటికి ఇలాంటి విరుగుడు లేదు.

ఈలోగా ఆక్సిజన్ పెట్టి, అవసరమైతే గొట్టం వేసి, సీటీ స్కాన్‌తో స్రావం ఎక్కడిదో వెతుకుతారు. సన్నని కెమెరా గొట్టంతో వాయునాళాలను చూసే బ్రాంకోస్కోపీలో సెలైన్ పంపి వెనక్కి తీసినప్పుడు ఒక్కో విడతకూ నెత్తురు రంగు చిక్కబడుతూ పోతే స్రావం గాలి తిత్తుల్లోనే ఉందని తేలుతుంది. ఒక్కచోటి నుంచి ధారగా పడే పెద్ద స్రావాల్లో దాదాపు పదింట తొమ్మిది వాయునాళాలకు రక్తం అందించే బ్రాంకియల్ ధమనుల నుంచి వస్తాయి. తొడ దగ్గర సన్నని గొట్టం పంపి ఆ నాళాన్ని లోపలి నుంచే మూసివేసే ఎంబొలైజేషన్ చికిత్స పెద్ద ఆసుపత్రుల్లో జరుగుతుంది.

7. స్రావం ఆగిన తరువాత

"మందు వల్ల పడింది, ఆపేశాం, ఇంటికి వెళ్లండి" అన్న మాటతో తృప్తిపడకండి. మందు స్రావాన్ని పెంచుతుంది, కానీ నెత్తురు కారిన చోట ముందే ఏదో జబ్బు ఉండి ఉండవచ్చు. ఐఎన్‌ఆర్ పరిధిలోనే ఉండగా నెత్తురు పడితే ఈ వెతుకులాట మరీ ముఖ్యం. మన దేశంలో ముందుగా క్షయను, పాత క్షయ మిగిల్చిన గుంతలను, వాయునాళాలు శాశ్వతంగా వెడల్పైపోయే బ్రాంకియెక్టాసిస్‌ను చూడాలి. పొగ తాగేవారిలో క్యాన్సరును, వాల్వు జబ్బు ఉన్నవారిలో మైట్రల్ ద్వారం ఇరుకవడాన్ని చూడాలి. తెమడను క్షయ జన్యుపరీక్షకు పంపారా అని అడగండి. మూత్రంలో కూడా రక్తం ఉంటే, కీళ్లవాపులు ఉంటే రక్తనాళాల వాపు జబ్బుల పరీక్షలు కూడా అవసరమవుతాయి.

మందు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది గుండె డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు కలిసి తేల్చవలసిన విషయం. లోహపు వాల్వు ఉన్నవారిని ఎక్కువ రోజులు మందు లేకుండా ఉంచరు; అవసరమైతే ప్రభావాన్ని త్వరగా ఆపడానికి వీలైన హెపారిన్‌తో ఐసీయూలో మొదలుపెడతారు. మొదటిసారి ఎక్కువ విటమిన్ కె ఇచ్చి ఉంటే కొన్ని రోజులపాటు మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు, అది చూసి మోతాదును సొంతంగా పెంచకండి. పరీక్షల బాధ లేదని కొత్త తరం మందుకు మార్చమని డాక్టరును ఒత్తిడి చేయడం కూడా వద్దు. లోహపు వాల్వు ఉన్నవారిలో డబిగాట్రాన్‌ను పరీక్షించిన అధ్యయనాన్ని గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపవలసి వచ్చింది, దాని ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కీళ్లవాతం వల్ల వాల్వు చెడి గుండె లయ తప్పినవారిలో రివరాక్సబాన్ వార్ఫరిన్ వంటి పాత మందుకంటే వెనుకబడిందని 2022లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. వాల్వు జబ్బు లేకుండా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారికి మాత్రం మార్పు గురించి మాట్లాడుకోవచ్చు.

ఇంటికి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితంలో మూడు విషయాలు అక్షరాలా రాయించుకోండి: మందు మొదలుపెట్టవలసిన తేదీ, మొదటి రోజు మోతాదు, మొదటి ఐఎన్‌ఆర్ పరీక్ష తేదీ. ఆ పరీక్ష వారం దాటకూడదు. హిమోగ్లోబిన్, ఎక్స్‌రే మళ్లీ ఎప్పుడు తీయాలో కూడా అక్కడే అడగండి. మందు మళ్లీ మొదలైన తొలి వారాల్లో రోజూ పొద్దున మొదటి తెమడను తెల్లటి పింగాణీ సింకులోనో, తెల్ల కాగితం మీదో ఉమ్మి వెలుతురులో చూడండి, జీర కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయండి.